గ్రోమెట్ మూసుకుపోతే

పిల్లల చెవి చికిత్సల వార్తల్లో కనిపించే గ్రోమెట్ అంటే, కర్ణభేరికి చిన్న గాటు పెట్టి అందులో అమర్చే బుల్లి గొట్టం. దాని రంధ్రం మిల్లీమీటరు, అటూఇటూ. మధ్యచెవిలో నీరు చేరి వినికిడి మందగించిన పిల్లలకు లోపల గాలి ఆడేలా చేయడం దాని పని. అంత సన్నని దారిలో ఎండిన నెత్తురో, జిగురో, గులిమో అడ్డుపడితే ఆ పని ఆగిపోతుంది. టింపనోమెట్రీ పరీక్షలో సంగతి బయటపడుతుంది: గొట్టం తెరిచి ఉంటే చెవి లోపలి ఖాళీ ఎక్కువగా నమోదవుతుంది, మూసుకుంటే తక్కువగా.

అంతమాత్రాన మళ్లీ మత్తిచ్చి ఆపరేషన్ చేయాలా? చాలాసార్లు అక్కర్లేదు. కొద్దిరోజులు చుక్కల మందు వేస్తే గడ్డకట్టింది మెత్తబడి ఊడిరావచ్చు. మందు వేశాక చెవి రంధ్రం ముందున్న చిన్న ఉబ్బును నాలుగైదుసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. లేదా ఈఎన్‌టీ డాక్టరు మైక్రోస్కోప్‌లో చూస్తూ సక్షన్‌తో ఆ అడ్డును లాగేస్తారు. మందు లోపలిచెవికి చేరి వినికిడి దెబ్బతింటుందేమోనన్న భయం అర్థంలేనిది కాదు. జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలతో ఆ ముప్పు ఉంది. అందుకే ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వైపు మొగ్గుతారు. ఇంట్లో మిగిలిన సీసా, కాచిన నూనె అసలే వద్దు. చుక్కలు ప్రతి గొట్టాన్నీ తెరవలేవన్నదీ నిజమే. అయితే కర్ణభేరి వెనక నీరు లేకపోతే తొందర లేదు, గొట్టం సాధారణంగా 6 నుంచి 18 నెలల్లో దానంతటదే ఊడిపోతుంది. నీరు మళ్లీ చేరి, మాటలు నేర్చే వయసులో వినికిడి తగ్గితే మాత్రం గొట్టం మార్చే విషయం డాక్టరుతో తేల్చుకోవాలి.