బియ్యపు పాలిష్ మొదలు ప్యాకెట్టు తిండి వరకు

గత వేసవిలో ఒక గ్రామసంఘ సమావేశమున మేము భోజన విషయమై ప్రసంగించుచు, "ప్రాసెస్ చేసిన ఆహారమును తగ్గించుకొనుడు" అని చెప్పితిమి. ఆ వాక్యము మా సొంతము కాదు. శిక్షణ తరగతులలో నేర్చినదే. వెనుక వరుసలోని యొక అవ్వ లేచి, "సారూ, అట్లయితె మా అటుకులు, మామిడికాయ తొక్కు, బెల్లం గూడ బంద్ వెట్టాల్నా?" అని యడిగినది. సభ నవ్వినది. మేమును నవ్వితిమి గాని జవాబు వెంటనే తోచలేదు. ఎదుట కిరాణా కొట్టు గుమ్మమునకు కారపు చిప్సు పొట్లములు దండలుగా వ్రేలాడుచుండెను. అవ్వ మనుమడు అందొకటి కొని తినుచునే యుండెను. మేము వలదన్నది దానిని. అవ్వకు వినబడినది తన యటుకులను గురించి. ఈ పొరపాటు అవ్వది కాదు, మాది.

వడ్లు దంచుట, పాలు తోడుపెట్టుట, చెఱకురసము కాచి బెల్లము చేయుట, ఇవన్నియు ఆహారమును సంస్కరించుటయే. కొందరు దీనిని "శుద్ధి చేసిన ఆహారము" అని తెనిగింతురు. శుద్ధి యన్నది మన చెవికి మంచిమాట. శుద్ధమైన దానిని మానుమనిన నెవరు విందురు? కనుక పండితులు ఈ విషయమును ఎట్లు గ్రహించిరో, దానిని జనులకెట్లు చెప్పిరో మన సభ్యులకు కొంత విశదముగా వ్రాయుట యవసరమని తోచినది.

సికింద్రాబాదు చెంత తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. ఇది మొదట ఇచ్చట పుట్టినది కాదు. 1918లో నీలగిరులలోని కూనూరున, పాశ్చర్ ఇన్‌స్టిట్యూటులోని యొక్క గదిలో, రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు దీనిని ప్రారంభించెను. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో నేటి పేరు పొందినది. అనగా ఇంత పెద్ద సంస్థ మిల్లు బియ్యపు చిక్కునుండి పుట్టినదన్నమాట.

బెరిబెరి వచ్చిన వానికి కాళ్ళు తిమ్మిరెక్కును, పట్టు తప్పును. కొందరికి ఒడలు వాచి గుండె నీరసించి ప్రాణమే పోవును. జావాద్వీపమున, నేటి జకార్తాలో, ఐక్మన్ అను డచ్చి వైద్యుడు 1890 ప్రాంతములందు ఒక వింత కనిపెట్టెను. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యపు టన్నము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోయెను. తవుడుతో గూడిన బియ్యము పెట్టగా లేచి తిరిగెను. అయితే ఆయన దీని కారణమును తప్పుగా నూహించెను. బియ్యములో నేదో విషమున్నదనియు, తవుడు దానికి విరుగుడనియు తలచెను. విషము కాదు, ఏదో కావలసిన పదార్థము లోపించినదని 1901లో ఆయన సహచరుడు గ్రిన్స్ చెప్పెను. 1912లో ఫంక్ అను నాతడు అట్టి పదార్థములకు "విటమిన్" అను పేరు పెట్టెను. ఐక్మన్ గారికి 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. పండితుడు మొదట తప్పు చెప్పుట, వేరొకడు దిద్దుట అగౌరవము కాదు. శాస్త్రము నడచు దారియే అది. చిక్కెల్ల, మొదటి మాటనే తుదిమాటవలె జనులకు చాటినప్పుడే వచ్చును.

మన దేశమున ఈ వ్యాధి విశేషముగా కనబడిన చోటు ఉత్తర సర్కారు జిల్లాలు, అనగా మన తెలుగు కోస్తా. పక్కనున్న తమిళులును మలయాళులును అన్నమే తినుచుండగా వారికి తక్కువగాను, మనవారికి ఎక్కువగాను ఏల వచ్చెను? వారు తినునది ఉప్పుడు బియ్యము. మనవారిది పచ్చి వడ్లను మిల్లాడించిన తెల్ల బియ్యము. వడ్లను నానబెట్టి ఉడికించునప్పుడు పైపొరలోని బి విటమిన్ గింజలోనికి దిగును. తరువాత మిల్లులో పొర పోయినను సత్తువ కొంత నిలుచును. ఈ సంస్థవారు 1971లో ప్రకటించిన ఆహారపు పట్టికలలో నూరు గ్రాములకు బి-ఒకటవ విటమిన్ లెక్క యిట్లున్నది: పచ్చి దంపుడు బియ్యములో 0.21 మిల్లీగ్రాములు, పచ్చి మిల్లు బియ్యములో 0.06; ఉప్పుడు మిల్లు బియ్యములో మరల 0.21. మిల్లు ఒక్కటే, ముందు ఉడికించుటలోనే భేదము. ఇందు మిల్లుకు ముందు జరిగినదియు సంస్కరణమే, మిల్లులో జరిగినదియు సంస్కరణమే. ఒకటి కాపాడినది, రెండవది పోగొట్టినది. కనుక "సంస్కరణము చెడ్డది" అను మాట తన పుట్టింటనే తప్పిపోవుచున్నది.

మిగిలిన కొంచెమును మనము కడుగు నీళ్ళతోను, వార్చిన గంజితోను కుడితి తొట్టిలో పోయుచుంటిమి. ఆ లెక్కన మన పశువుల భోజనమే మేలు.

మన జిల్లాలలో యాసంగి వడ్లు ఎండకు పగిలి, మిల్లులో నూకలగునని ఉప్పుడు చేయించుటయు, 2021లో కేంద్రము ఇకపై ఉప్పుడు బియ్యము కొనజాలమనుటయు, అప్పటి యలజడియు సభ్యులకు జ్ఞాపకమే. అప్పుడు ధరను గురించి, గోదాములను గురించి ఎన్ని సభలో జరిగినవి. ఆ బియ్యములో పోషణ యెక్కువని చెప్పిన సభ యొక్కటియు మేము చూడలేదు.

దంపుడు బియ్యము తినుడని పండితులు పలుమారు బోధించిరి. 1934లో గాంధీగారు నెలకొల్పిన అఖిలభారత గ్రామ పరిశ్రమల సంఘమును అదే ప్రచారము చేసినది. అయినను మిల్లే గెలిచినది. తెల్లవారకముందే లేచి రోకలి పట్టిన స్త్రీ భుజములను ఆ బోధలలో నెవరును లెక్కకు తీసికొనకపోవుటయే దీనికి ముఖ్యకారణమని మా యభిప్రాయము.

మొన్నటి ముచ్చట యొకటి. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి, 2024 నాటికి ప్రభుత్వ పథకముల బియ్యమంతయు పోషక మిశ్రితముగా నిత్తుమని ప్రకటించిరి. బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-పన్నెండవ విటమిన్ కలిపి, యంత్రమున గింజ రూపమున వత్తి, నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపిరి. ఆ గింజ రంగు వేరు; కడుగునప్పుడు కొన్ని నీటిపై తేలును. ఇంకేమి, రేషనులో ప్లాస్టిక్ బియ్యము వచ్చినదని ఊరూర పుకారు పుట్టెను. కొందరు ఏరి పారవేసిరి. తలసీమియా, సికిల్ సెల్ రోగులకు ఇనుము కలిపిన ఆహారము విషయమై జాగ్రత్త వలెనని 2018 నాటి నియమములలో హెచ్చరిక యుండెను. కాని అట్టి హెచ్చరిక సంచిమీద నుండును. రేషన్ దుకాణమున బియ్యము విడిగా తూచి యిత్తురు. అక్షరములు సంచితోనే పోవును. ఈ పథకము మంచిచెడ్డలను గూర్చి వైద్యులలోనే భిన్నాభిప్రాయములు కలవు. అవి యట్లుండనిండు. గుప్పెడు గింజలు అరచేత పోసి, "ఇది పిండిగింజ, ఇందుకు కలిపితిమి" అని ముందుగా చూపినయెడల ఆ పుకారు సగమైన పుట్టకుండెడిది.

ఇక ప్యాకెట్టు తిండి. బ్రెజిల్ దేశపు సావోపాలో విశ్వవిద్యాలయమున కార్లోస్ మొంటీరో అను ఆచార్యుడు 2009లో ఆహారమును వర్గములుగా విభజించు పద్ధతిని ప్రతిపాదించెను. నేడు నాలుగు వర్గములు వాడుకలో నున్నవి. ధాన్యము, కూరలు, పాలు మొదలగునవి మొదటిది. నూనె, ఉప్పు, చక్కెర రెండవది. వీనిని కలిపి చేసిన సామాన్య పదార్థములు మూడవది. కార్ఖానాలో పిండిపదార్థము, కొవ్వు, రంగు, రుచిద్రవ్యములు కూర్చి, వంటింట దొరకని దినుసులతో చేసినది నాలుగవది. దీనినే అతి సంస్కరిత మందురు. అవ్వ తొక్కు మూడవదానిలోనిది. మనుమని పొట్లము నాలుగవదానిలోనిది. ఆహార సాంకేతిక శాస్త్రజ్ఞులు కొందరు ఈ విభజనను ఒప్పుకొనరు. ఎంత సంస్కరించిరను దానికంటె అందు ఉప్పు, చక్కెర, కొవ్వు ఎంత యున్నవో చూడవలె నందురు. ఈ వాదమునకు బలము లేకపోలేదు. తార్నాక సంస్థ 2024 మే నెలలో ప్రకటించిన పదునేడు ఆహార సూత్రములలో రెంటిని ఒకచోటనే చేర్చి, ఉప్పు, చక్కెర, కొవ్వు హెచ్చుగా నున్నవానిని, అతి సంస్కరితములను తగ్గింపుమనిరి. మన దేశపు రోగభారములో 56.4 శాతము సరిలేని భోజనమువలననే యనియు అందు వ్రాసిరి. పొట్లముమీది లేబులు చదువుకొనుడనియు చెప్పిరి.

చదువుట యెట్లు? అదియే మా గోడు. నియమము ప్రకారము లేబులు ఇంగ్లీషునగాని హిందీనగాని యున్న చాలును. తెలుగు నిర్బంధము కాదు. అయినను బడికిపోవు పిల్లవానిచేత ఒక్క సంగతి చదివించుకొనవచ్చును: దినుసులను బరువు వరుసను, ఎక్కువది ముందుగా వ్రాయవలెను. మేము చూచిన యొక బిస్కత్తు పొట్లమునకు ముందువైపు జొన్నకంకి బొమ్మ. వెనుకవైపు మొదట మైదా, పిదప చక్కెర, జొన్నపిండి చాల క్రింద. జొన్న పండించువాడు ఆ బొమ్మను చూచి సంతసించి కొనుట కడు విచారము.

పేరు చేయు మోసమునకు ఇంకొక నిదర్శనము. విరేచనములైన పిల్లలకిచ్చు ఓ.ఆర్.ఎస్. ద్రావణములో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మరి రెండు లవణములు ఉండవలెను. అంతకు ఎన్నోరెట్లు చక్కెరగల పానీయములను అదే పేరుతో అమ్ముచుండిరి. అట్టివి త్రాగించిన విరేచనములు హెచ్చును. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు దీనిపై ఏండ్ల తరబడి పోరాడిరి. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరును అట్టి పానీయములపై వాడరాదని యాజ్ఞాపించినది. ఆమె తల్లులతో విటమినుల పట్టిక చెప్పలేదు. ఈ సీసా కొనవద్దు, ఆ పొడి కొనుడు అని చెప్పిరి.

మేము మరల ఆ గ్రామమునకు పోయినప్పుడు అవ్వను వెదకి, "అవ్వా, నీ యటుకులు మానవద్దు, తొక్కులో ఉప్పు కొంచెము తగ్గించు, బాబుకు ఆ పొట్లములు మాత్రము రోజును కొనీయకు" అంటిమి. "గీ ముక్క అప్పుడే చెప్పరాదా" అన్నది.

సంఘపు మిల్లును గూర్చి వచ్చు సమావేశమున నిర్ణయింపవలసి యున్నది. ఇంటికి తీసికొను వడ్లకు ఒక్కసారి మాత్రమే, తేలికగా పాలిష్ పట్టుమని సభ్యులు అడుగవచ్చును. అట్టి బియ్యమునకు తవుడులోని నూనెవలన త్వరగా ముక్క వాసన వచ్చును, పురుగును పట్టును. కావున నెలకు సరిపడునంత మాత్రమే ఆడించుకొని, మిగిలిన వడ్లను గాదెలోనే యుంచుకొనవలెను.