ఇంజను కోసం వెలగని దీపం

బండి డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలు చాలావరకు ఇంజను తరఫున మాట్లాడేవే. ఆయిల్ తగ్గితే ఒకటి, వేడెక్కితే ఒకటి, బ్యాటరీ ఛార్జి ఎక్కకపోతే ఇంకొకటి. పట్టించుకోకపోతే నష్టం బండికే. 2020 తర్వాత వచ్చిన చాలా డీజిల్ బళ్ళలో కొత్తగా చేరిన దీపం మాత్రం ఈ కోవలోకి రాదు. అది వెలిగినప్పుడు ఇంజను నిక్షేపంగా తిరుగుతూనే ఉంటుంది, లోడు లాగుతూనే ఉంటుంది. అందుకే ఆకివీడు నుంచి చేపల ట్రేలు ఎత్తుకొచ్చిన పికప్ డ్రైవరుకీ, భీమవరం మెకానిక్కీ మధ్య ఇలాంటి మాటలు నడుస్తుంటాయి.

"బండి బాగానే లాగుతోంది కదండీ, ఈ లైటేంటండీ?"

"ఆయ్, యూరియా అయిపోతోందండి. పొయ్యకపోతే రేపు స్టార్టవ్వదు."

"యూరియా పొయ్యడానికి ఇదేమన్నా వరిచేనేటండీ!"

వేళాకోళంగా అన్నా అది సరైన ప్రశ్నే. జవాబు కోసం ముందు డీజిల్ మంట సంగతి చూడాలి.

గాలిలో నాలుగింట మూడు వంతులకి పైగా నైట్రోజనే. మామూలుగా అది దేనితోనూ కలవదు, తన మానాన తను ఉంటుంది. డీజిల్ సిలిండరు లోపల మంట పదిహేను వందల డిగ్రీలు దాటేసరికి దాని మొండితనం సడలి, ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లవుతుంది. ఎండ తగిలితే ఇవి ఓజోన్‌ని పుట్టిస్తాయి, ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి కణాలకి ముడిసరుకవుతాయి. చిక్కేమిటంటే, మైలేజీ బాగా ఇచ్చే మంట బాగా వేడిగా ఉండే మంట. మంటని చల్లబరిస్తే ఆక్సైడ్లు తగ్గుతాయి గానీ డీజిల్ ఖర్చూ మసీ పెరుగుతాయి. కాబట్టి మంటని దాని మానాన మండనిచ్చి, పొగ బయటికొచ్చే దారిలో దాని పని పట్టడం మేలనుకున్నారు.

ఆ ఉపాయం లారీల కోసం పుట్టింది కాదు. అమెరికాలో ఎంగెల్‌హార్డ్ కంపెనీ 1957లో పేటెంటు తీసుకుంది. వేడి పొగలోకి అమ్మోనియా వదిలి, క్యాటలిస్టు మీదుగా పంపితే నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోయి మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారిపోతాయి. దీన్ని నిజంగా పనిలో పెట్టినవాళ్ళు జపాన్‌వాళ్ళు. 1970ల్లో అక్కడి విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలకి బిగించారు. పవర్ స్టేషన్‌లో అమ్మోనియా ట్యాంకు ఉంటే ఫరవాలేదు, కాపలా ఉంటుంది. లారీకి కట్టుకుని రోడ్డు మీద తిరగడం కుదిరే పనేనా? భీమవరం చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఐసు కట్టడానికి వాడేది అమ్మోనియానే. ఎక్కడో చిన్న వాల్వు లీకయితే చాలు, కళ్ళు మండి, ఊపిరాడక జనం బయటికి పరిగెత్తాల్సిందే.

అమ్మోనియాని ప్రమాదం లేకుండా మోసుకెళ్ళే మార్గమే యూరియా. నీళ్ళలో కరిగించి ఉంచితే వాసన రాదు, మండదు, పేలదు. సైలెన్సరు గొట్టంలోకి సన్నటి తుంపరగా కొడితే ఆ వేడికి అక్కడికక్కడే విడిపోయి అమ్మోనియా ఇస్తుంది. నిస్సాన్ డీజిల్ కంపెనీ 2004లో జపాన్‌లో ఈ పద్ధతితో లారీ తెచ్చింది. మరుసటేడు యూరప్ లారీల్లోకి వచ్చింది. బళ్ళ పొగకి హద్దులు గీసే భారత్ స్టేజ్ (బీఎస్) నిబంధనల్లో మన దేశం బీఎస్-5ని దాటేసి, బీఎస్-4 నుంచి నేరుగా బీఎస్-6కి గెంతింది. 2020 ఏప్రిల్ 1 తర్వాత బీఎస్-4 బళ్ళు అమ్మకూడదని 2018లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. పెద్ద లారీ ఇంజను ఒక యూనిట్ పని చెయ్యడానికి 3.5 గ్రాముల దాకా ఆక్సైడ్లు వదలొచ్చన్న పరిమితి ఒక్క దెబ్బతో 0.4 గ్రాముల దరిదాపులకి పడిపోయింది. చిన్న పికప్‌లలో కొన్ని వేరే రకం క్యాటలిస్టుతో గట్టెక్కాయి, వాటికి యూరియా ట్యాంకే ఉండదు. మిగతావాటికి డీజిల్ మూత పక్కన నీలం మూత మొలిచింది.

ఆ నీలం మూత కింద పోసే ద్రవాన్ని డెఫ్ అంటారు, యాడ్‌బ్లూ అంటారు, మన డ్రైవర్లు యూరియా అనేస్తారు. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. ఆ అరశాతం దాకా పట్టుదల ఎందుకంటే, సరిగ్గా ఆ పాళ్ళలో కలిపినప్పుడే ద్రవం అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత దగ్గర, అంటే మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గట్టి చలికాలాలున్న దేశాల్ని దృష్టిలో పెట్టుకుని కుదిర్చిన పాళ్ళివి. రావులపాలెం అరటి మార్కెట్లో బండి పెట్టుకున్నవాడికి మైనస్ 11తో ఏం పని! మనకి దీనితో వచ్చే పేచీ వేడి దగ్గర. 25 డిగ్రీల్లో పదిహేడు పద్దెనిమిది నెలలు నిలవుండే డెఫ్, 35 డిగ్రీల్లో ఆరు నెలలే ఉంటుంది. మే నెల రాజమండ్రి ఎండలో షాపు బయట పేర్చిన బకెట్లు ఎన్నాళ్ళు బాగుంటాయో ఊహించుకోవచ్చు.

యూరియా అనగానే గోదావరి జిల్లాలవాళ్ళకి కొత్తేముంది? కృష్ణా-గోదావరి బేసిన్‌లో దొరికిన గ్యాస్ ఆధారంగా కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ యూరియా తయారుచేసిన నేల ఇది. 45 కిలోల బస్తా రైతుకి 266 రూపాయల 50 పైసలకి దొరుకుతుంది, మిగతా ఖర్చు ప్రభుత్వానిది. ఒక లెక్క వేసి చూద్దాం. ఇరవై లీటర్ల డెఫ్ బకెట్లో ఉండే యూరియా సుమారు ఏడు కిలోలు. అంటే ఒక్క ఎరువు బస్తాతో ఆరు బకెట్లు కలిపేయొచ్చు. ఇంత చౌక సరుకు చేతికందేలా ఉంటే ఆశ పుట్టకుండా ఉంటుందా? పుట్టింది కాబట్టే సబ్సిడీ యూరియా ఫ్యాక్టరీలకి తరలిపోవడం మీద ప్రభుత్వం తనిఖీలు పెట్టాల్సి వచ్చింది. 2015 నుంచి మన రైతులకి అమ్మే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చెయ్యడంలో ఒక ఉద్దేశం ఈ దారి మళ్ళింపుని ఆపడం. పొలంలో నైట్రోజన్ మెల్లగా విడుదలయ్యేలా చెయ్యడం రెండోది.

ఆ వేపనూనే బండికి శత్రువు. తుంపర కొట్టే నాజిలుకి వెంట్రుక మందం రంధ్రాలుంటాయి. నూనె పూతా, బస్తా యూరియాలో ఎక్కువ పాళ్ళలో ఉండే బైయూరెట్ అనే మలినమూ చేరి వాటిని పూడ్చేస్తాయి. నీళ్ళతోనూ ఇదే బాధ. డెఫ్‌లో కాల్షియం కిలోకి అర మిల్లీగ్రాము మించకూడదు. డెల్టా బోరు నీళ్ళు ఆ పరిమితికి దరిదాపుల్లో కూడా ఉండవు. ఊళ్ళో ఇరవై లీటర్ల టిన్నుల్లో అమ్మే మినరల్ వాటరు తాగడానికి మంచిదే, దీనికి పనికిరాదు. లోహాలు, లవణాలు క్యాటలిస్టు మీద పేరుకుంటే దాన్ని కడిగి బాగుచెయ్యడం కుదరదు, మార్చాల్సిందే. ఈ ఖర్చు ముందు బకెట్లో మిగుల్చుకున్నది ఏ మూలకీ రాదు.

మోసాన్ని బండి ఎలా పసిగడుతుంది? ట్యాంకులో ఉన్న సెన్సరు ద్రవంలోకి అల్ట్రాసౌండ్ తరంగం పంపి తిరిగొచ్చే వేగం కొలుస్తుంది. యూరియా పాళ్ళు మారితే శబ్దవేగం మారుతుంది. దాన్నీ బోల్తా కొట్టిస్తే సైలెన్సరు చివర ఇంకో సెన్సరు కాచుకుని ఉంటుంది. అది జిర్కోనియా పింగాణీ ముక్క. లోపలి మొదటి గదిలో పొగలోని ఆక్సిజన్‌ని బయటికి తోడేస్తుంది. రెండో గదిలో నైట్రోజన్ ఆక్సైడ్‌ని విరగ్గొట్టి, అందులోంచి వచ్చిన ఆక్సిజన్‌ని కొలుస్తుంది. వేడి పొగ కొట్టే గొట్టంలో కూర్చుని ఇంత సున్నితమైన లెక్క కట్టడం, నన్నడిగితే, ఈ మొత్తం కథలో మెచ్చుకోదగ్గ పని.

మెకానిక్‌కి ఇంత హంగు అక్కర్లేదు. రొయ్యల చెరువు గట్టు మీద ఉప్పు శాతం చూసే రిఫ్రాక్టోమీటరు లాంటిదే ఇంకో స్కేలుతో దొరుకుతుంది. గాజు మీద ఒక చుక్క వేసి, మూత వాల్చి, వెలుగుకేసి కన్ను పెడితే నీలానికీ తెలుపుకీ మధ్య గీత 32.5 దగ్గర నిలబడాలి. ఇరవై దగ్గర నిలబడితే నీళ్ళు కలిపారన్నమాట.

అన్నీ సక్రమంగా ఉన్నా ఒక్కోసారి దీపం వెలుగుతుంది. అది మన రోడ్ల పుణ్యం. పొగ సుమారు 200 డిగ్రీల వేడికి రానిదే యూరియా సరిగ్గా విడిపోదు. కాలవ గట్ల మీద గేరు మార్చుకుంటూ, ప్రతి చెరువు దగ్గరా ఆగుతూ, ఐసు ఎక్కేదాకా ఇంజను ఊరికే తిప్పుతూ గడిపే పికప్‌లో గొట్టం ఆ వేడికి రావడం కష్టం. అరకొరగా ఉడికిన యూరియా తెల్లటి పొక్కులుగా గొట్టం గోడలకి అంటుకుని గట్టిపడుతుంది. కడియం నుంచి మొక్కలెత్తుకుని హైవే ఎక్కి వందల కిలోమీటర్లు పోయే బండికి ఈ బెడద తక్కువ.

ఇక శిక్ష సంగతి. యూరియా పొయ్యకపోయినా ఇంజనుకి ఏమీ కాదు కాబట్టి ఎవరూ పొయ్యరని చట్టం రాసినవాళ్ళకి ముందే తెలుసు. అందుకే మన బీఎస్-6కి మాతృకైన యూరో-6 నిబంధనల్లోనే బెదిరింపు పెట్టారు. పెద్ద లారీల్లో ట్యాంకు పదో వంతుకి వస్తే హెచ్చరిక, రెండున్నర శాతానికి వస్తే ఇంజను బలంలో పావు వంతు కోత, పూర్తిగా అయిపోతే గంటకి 20 కిలోమీటర్ల నడక. చిన్న బళ్ళలో కిలోమీటర్ల లెక్క సున్నాకి దిగుతుంది. ఆ తర్వాత నడుస్తున్నంతసేపూ నడుస్తుంది, ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్టవ్వదు.

డ్రైవర్లని ఇంతగా అనుమానించిన చట్టం అసలు దొంగల్ని వేరేచోట పట్టుకుంది. జర్మన్ కార్ల కంపెనీలు యాడ్‌బ్లూ ట్యాంకుల సైజు మీద లోపాయికారీ ఒప్పందం చేసుకున్నాయని యూరోపియన్ కమిషన్ 2021 జులైలో తేల్చింది. పొగని చట్టం అడిగినదానికన్నా శుభ్రం చేసే విద్య తమ దగ్గరున్నా, అందులో పోటీ పడొద్దనుకున్నారు. బీఎండబ్ల్యూ, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపుల మీద 87.5 కోట్ల యూరోల జరిమానా పడింది. ఒప్పందంలో ఉన్న డైమ్లర్ ముందుగా నోరు విప్పింది కాబట్టి తప్పించుకుంది.

అదే ఏడాది చివర్లో చైనా యూరియా ఎగుమతులకి కళ్ళెం వేసేసరికి దక్షిణ కొరియాలో లారీలు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆస్ట్రేలియాకి సైనిక విమానం పంపి యూరియా ద్రావణం తెప్పించుకున్నారు. అమెరికాలో రైతులూ లారీవాళ్ళూ ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక, 2025 ఆగస్టులో అక్కడి పర్యావరణ సంస్థ హఠాత్తుగా బలం కోసేసే పద్ధతిని సడలించమని కంపెనీలకి చెప్పింది. ఐసు కరిగిపోయే సరుకుతో వంతెన మీద నిలబడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళెవరైనా ఆ సడలింపుని తప్పుపట్టరు. అలాగని సెన్సర్లని మోసగించే డబ్బా బిగించి ట్యాంకుని మర్చిపొమ్మనే మేస్త్రీల సలహా వేరు. అది చట్టరీత్యా నేరం, ఆ పొగ పీల్చేది బండి వెనకాల సైకిల్ మీద బడికెళ్ళే పిల్లలు.

దీపం వెలిగితే చెయ్యాల్సింది కొంచెమే. బకెట్ మీద తయారీ తేదీ చూసి, సీలు తియ్యనిది కొనాలి. గరాటు డీజిలు అంటనిదై ఉండాలి. ఒక లీటరు పోసి చూద్దామనుకోకూడదు, ఎంత పోస్తే సెన్సరు గుర్తిస్తుందో బండి పుస్తకంలో ఉంటుంది. పోశాక తాళం ఆన్ చేసి, ఇంజను తిప్పకుండా కాసేపు ఆగాలి. కొన్ని బళ్ళలో కొద్ది దూరం నడిచాక గానీ దీపం ఆరదు. మూత చుట్టూ ఒలికినది ఆరిపోయి తెల్లగా కడితే నీళ్ళతో కడిగెయ్యాలి, రేకు మీద ఉంచితే తుప్పు పడుతుంది.