ఈ ఫొటో ఎవరిది?

వెండిపూత పలక మీద ఒక ప్రభువు. బడిలో పూజామందిరం కట్టించుకున్న చక్రవర్తి చిత్రం. అన్నం డబ్బా తెచ్చుకోలేక పుస్తకం చాటున మొహం దాచుకున్న పిల్లలు. సునామీ బురదలో దొరికిన ఆల్బమ్. జపాన్ తీసుకున్న ఫొటోలను ఎవరు తీశారు, ఎవరి కోసం తీశారు, చివరికి అవి ఎవరి చేతికి చేరాయి అని అడుగుతూ చూస్తే, ఆ దేశం నూట డెబ్బై ఏళ్లలో నడిచివచ్చిన దారంతా కళ్లకు కడుతుంది.

ఒకే ఒక్క ప్రతి

1857 సెప్టెంబరు 17. జపాన్ దక్షిణ కొసన ఉన్న కగోషిమాలో సత్సుమా సంస్థానాధీశుడు షిమాజు నరియకిరా లాంఛనంగా ముస్తాబై కెమెరా ముందు కూర్చున్నారు. కెమెరా వెనక ఉన్నది ఆయన కొలువులోని ఇచికి షిరో.

ఆ కెమెరా 1848లో నాగసాకి రేవులో దిగింది. తెప్పించింది ఉఎనో షున్నొజో అనే వ్యాపారి. మరుసటి ఏడాది అది నరియకిరా చేతికి వచ్చింది. రావడమైతే వచ్చింది కానీ దానితో బొమ్మ తీయడం ఎవరికీ చేతకాలేదు. వెండిపూత పూసిన రాగి పలకను అద్దంలా మెరుగుపెట్టాలి. దానికి అయొడిన్ ఆవిరి పట్టించాలి. కెమెరాలో వెలుతురు సోకనిచ్చి, ఆపైన పాదరసం ఆవిరితో బొమ్మను పైకి తేవాలి. ఇందులో ఏ ఒక్కటి తేడా వచ్చినా పలక మీద ఏమీ నిలవదు. ఏళ్ల తరబడి కుస్తీ పట్టాక ఆ రోజు ప్రభువు రూపం పలక మీద నిలిచింది.

డాగెరోటైప్ అనే ఈ పద్ధతిలో నెగటివ్ ఉండదు. కాబట్టి రెండో ప్రతి ఉండదు. ఉన్నది ఒక్కటే, అది ప్రభువుది. మరుసటి ఏడాదే నరియకిరా కన్నుమూశారు. ఆ పలక కాలక్రమంలో కనుమరుగై, 1975లో ఒక గోదాములో బయటపడింది. జపానీయులు తీసినవాటిలో నేటికి మిగిలిన అతి పాత ఫొటో అదే. 1999లో ప్రభుత్వం దాన్ని ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించింది.

కెమెరా తెప్పించిన షున్నొజో కొడుకు ఉఎనో హికోమా 1862లో నాగసాకిలో సొంత స్టూడియో తెరిచాడు. అదే ఏడాది యోకొహామాలో షిమొఒకా రెంజో తెరిచాడు. ప్రభువుల కోటలో ఉన్న విద్య అలా బజారుకు వచ్చింది.

వానలేని వాన

బజారులో కొనేవాళ్లు మాత్రం ఎక్కువగా విదేశీయులే. రెండు శతాబ్దాలకు పైగా తలుపులు బిగించుకున్న దేశం 1850లలో రేవులు తెరవగానే, యోకొహామాలో దిగిన ప్రతి యాత్రికుడికీ ఇంటికి పట్టుకెళ్లడానికి ‘జపాన్’ కావాల్సి వచ్చింది. ఆ గిరాకీని ముందుగా పసిగట్టినవారిలో ఫెలిచే బెయాటో ఒకరు. 1857 తిరుగుబాటు తర్వాత శిథిలమైన లక్నోను 1858లో ఫొటోలు తీసినది ఈయనే. 1863లో యోకొహామా చేరి, అటగో కొండ మీద నుంచి టోక్యో నగరాన్ని, అప్పటి పేరుతో ఎదోను, పక్కపక్కన అతికే ఫొటోల వరసగా తీశారు. కనుచూపుమేరా పెంకుటిళ్ల కప్పులు, సంస్థానాధీశుల పొడవాటి తెల్లగోడలు. తర్వాతి దశాబ్దాల్లో ఆ నగరం రూపే మారిపోయింది. అందుకే చరిత్రకారులు నేటికీ ఆ ఫొటోను భూతద్దం పెట్టి చదువుతారు.

యోకొహామా స్టూడియోల్లో తయారైనదంతా అలాంటిది కాదు. నలుపు తెలుపు ప్రతుల మీద జపాన్ చిత్రకారులు సన్నని కుంచెతో నీటిరంగులు అద్దేవారు. కిమోనోకు నీలం, పెదవికి ఎరుపు. లక్క అట్టల ఆల్బముల్లో వాటిని బిగించి అమ్మేవారు. ఈ వ్యాపారంలో ఆరితేరిన కుసకాబె కింబెయి పేరిట అమ్ముడైన ఫొటోల్లో గాలివానకు ఎదురీదుతున్న యువతి చిత్రం ఒకటి ప్రసిద్ధం. తీసింది నాలుగు గోడల మధ్య. ఎగిరే కిమోనో అంచును అలా నిలబెట్టి ఉంచారు. వాన ధారలు నెగటివ్ మీద గీసిన గీతలు.

1876లో ప్రభుత్వం కత్తులు ధరించి తిరగడాన్ని నిషేధించింది. ఆ తర్వాత కూడా స్టూడియోల్లో కవచం తొడిగిన సమురాయ్‌లు తయారవుతూనే ఉన్నారు. వీధిలో రైలు కూత వినిపిస్తుంటే, ఆల్బములో మాత్రం పల్లకీ. కొనేవాళ్లు కోరిన జపాన్ అది. బయటి ప్రపంచం మనసులో ‘పాత జపాన్’ అంటే నేటికీ మెదిలే రూపాల్లో చాలా భాగం ఈ స్టూడియోల్లో పుట్టినవే.

పటానికి మొక్కిన బడులు

ఇదే కాలంలో ప్రభుత్వం మరో రకం ఫొటో తయారు చేయించింది. ఉచిదా కుఇచి 1872లో మెయిజీ చక్రవర్తిని సంప్రదాయ దుస్తుల్లో తీశారు. 1873లో తీసినప్పుడు అదే చక్రవర్తి పాశ్చాత్య సైనిక దుస్తుల్లో, కత్తిరించిన జుట్టుతో కనిపించారు. ఏడాది తేడాతో తీసిన ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెడితే మెయిజీ యుగం తలపెట్టిన మార్పు ఏమిటో చెప్పనక్కర్లేదు.

1888లో ఇటలీ చిత్రకారుడు కియొస్సోనె చక్రవర్తి రూపాన్ని గీశారు. ఆ బొమ్మను మరుకి రియో ఫొటో తీశారు. ఆ ప్రతులే దేశమంతటా బడులకు వెళ్లాయి. వాటిని భద్రపరచడానికి బడి ఆవరణలో ప్రత్యేక మందిరాలు కట్టారు. పిల్లలు వాటి ముందు నుంచి వెళ్తే తల వంచాల్సిందే. అగ్నిప్రమాదంలో ఆ పటాన్ని కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న ప్రధానోపాధ్యాయులు ఉన్నారు.

ఆ మందిరాల మహిమను దించింది కూడా ఒక ఫొటోనే. 1945 సెప్టెంబరు 27న టోక్యోలోని అమెరికా రాయబార కార్యాలయంలో చక్రవర్తి హిరోహితో, ఓడిన జపాన్‌లో సైనిక పాలనకు అధిపతి అయిన అమెరికా జనరల్ మెకార్థర్ పక్కపక్కన నిలబడ్డారు. చక్రవర్తి నిండు లాంఛన దుస్తుల్లో, నిటారుగా. మెకార్థర్ టై లేకుండా, నడుం మీద చేతులు పెట్టుకుని. రెండు రోజులకు పత్రికల్లో అచ్చయిన ఆ ఫొటోను ఆపాలని జపాన్ హోం శాఖ ప్రయత్నించింది. అమెరికా సైనిక పాలన ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఓడిపోయామన్న సంగతి జనానికి చక్రవర్తి లొంగుబాటు రేడియో ప్రసంగం కంటే ఆ ఒక్క ఫొటో గట్టిగా చెప్పింది.

మియుకి వంతెన

దానికి ఏడు వారాల ముందు, 1945 ఆగస్టు 6. హిరోషిమా స్థానిక పత్రిక చుగోకు షింబున్ ఫొటోగ్రాఫర్ మత్సుషిగె యొషితోకు 32 ఏళ్లు. బాంబు పడిన చోటికి ఆయన ఇల్లు 2.7 కిలోమీటర్ల దూరం. కెమెరా పట్టుకుని నగరం వైపు బయల్దేరి, మంటలకు ముందుకు పోలేక మియుకి వంతెన దగ్గర ఆగారు. అక్కడ ఒళ్లు కాలిన బడిపిల్లలు గుంపుగా కూలబడి ఉన్నారు. ఒక పోలీసు వాళ్ల గాయాలకు వంటనూనె రాస్తున్నాడు.

కెమెరా ఎత్తారు. మీట నొక్కలేకపోయారు. దాదాపు ఇరవై నిమిషాలు అలాగే నిలబడి, చివరికి ఒకటి తీశారు. కొన్ని అడుగులు ముందుకు వేసి రెండోది తీశారు. అప్పటికి కళ్లలో నీళ్లు నిండి వ్యూఫైండర్ మసకబారిందని తర్వాత ఆయనే చెప్పారు. ఆ పిల్లలు తనను చూసి కోపగించుకుంటారేమోనని కూడా మనసు పీకింది. రెండు రీళ్లలో 24 ఫొటోలకు చోటుంటే, రోజంతా తిరిగి నొక్కినవి ఏడు. వాటిలో ఐదు నిలిచాయి. ఆ రోజు ఆ నగరంలోని మనుషుల్ని చూపే ఫొటోలు ప్రపంచానికి మిగిలింది వాటిలోనే.

మత్సుషిగె తీయలేకపోయినవి కూడా చరిత్రలో భాగమే. కాలిపోయిన ట్రామ్ బండి లోపలికి తొంగిచూసి, అక్కడి శవాలను చూసి, కెమెరా దించేశారు. చచ్చిపోయినవాళ్ల ముఖాల మీద ఆయనకున్న ఆ మర్యాద, మిగిలిన ఐదు ఫొటోలకు మరింత బరువునిచ్చింది.

యుద్ధం ముగిశాక అమెరికా సెన్సారు అణుబాంబు చిత్రాలను తొక్కిపెట్టింది. సైనిక పాలన 1952 ఏప్రిల్‌లో ముగిసింది. ఆ ఆగస్టు 6న ‘అసాహి గ్రాఫ్’ పత్రిక అణుబాంబు ఫొటోలతో ప్రత్యేక సంచిక వేసింది. జపాన్‌లో చాలామంది తమ దేశంలో జరిగినదాన్ని కళ్లారా చూసింది అప్పుడే, ఏడేళ్ల తర్వాత.

వంద యెన్‌ల పుస్తకం

ఈ చీకట్లోంచి వచ్చిన తరం కెమెరాను జనం వైపు తిప్పింది. కిమురా ఇహెయి చిన్న లైకా కెమెరాతో 1952 నుంచి ఉత్తరాదిలోని అకితాకు ఏళ్ల తరబడి వెళ్తూ, అక్కడి వరిపొలాలను, గుర్రాలను, చలిలో బతుకుతున్న రైతులను తీశారు. డొమోన్ కెన్ బొగ్గుగనుల ఊళ్లకు వెళ్లారు.

1959 నాటికి దేశం బొగ్గు వదిలి చమురుకు మళ్లుతోంది. క్యుషూ దీవిలోని చికుహో ప్రాంతంలో చిన్న గనులు వరసగా మూతపడ్డాయి. కార్మికులు రోడ్డున పడ్డారు. డొమోన్ ఆ పిల్లల వెంట తిరిగారు. ఒక ఫొటో చూడండి. బడిలో మధ్యాహ్న భోజన వేళ. కొందరు డబ్బాలు తెరిచి తింటున్నారు. మధ్యలో కొందరు పిల్లలు బొమ్మల పత్రిక తెరిచి, అందులోకి తల దించేసి ఉన్నారు. తెచ్చుకోవడానికి ఇంట్లో ఏమీ లేదు, పక్కవాడి కంచం వైపు చూపు పోకూడదు, అంతే. డొమోన్ ఏడుపుగొట్టు మొహాల కోసం వెతకలేదు. ఆ పిల్లల పౌరుషాన్ని పట్టుకున్నారు.

ఈ ఫొటోలతో 1960లో ‘చికుహో పిల్లలు’ పుస్తకం వచ్చింది. మెరిసే ఆర్టు కాగితం వద్దని, నాసిరకం కాగితం మీద అచ్చు వేయించి, వెల 100 యెన్‌లు పెట్టారు. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. గని కార్మికుడి బతుకు గురించిన ఫొటోలు గని కార్మికుడు కొనుక్కోగల ధరకు దొరికాయి. జపాన్ ఫొటో చరిత్రలో ఇంతకు మించిన మలుపు నాకు కనిపించదు.

కన్నవారి మాట

జనం బాధను తీసిన ఫొటో, లోకానికంతటికీ తెలిశాక, ఎవరిదవుతుంది? జపాన్ తీరపట్టణం మినమాతా ఈ ప్రశ్నను తప్పించుకోలేని విధంగా ముందుకు తెచ్చింది. చిస్సో కంపెనీ కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరి, చేపలు తిన్న మనుషుల నరాలను దెబ్బతీసింది. రోగం సంగతి అధికారికంగా బయటపడింది 1956లో. కువాబరా షిసెయి 1960 నుంచే అక్కడ ఫొటోలు తీశారు. 1971లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్, భార్య ఐలీన్‌తో కలిసి మినమాతాలో కాపురం పెట్టి మూడేళ్లు ఉన్నారు.

అక్కడ ఆయన తీసిన ఒక ఫొటోలో తల్లి తన కూతురికి స్నానం చేయిస్తోంది. కడుపులో ఉండగానే పాదరసం సోకి అవయవాలు వంకరపోయిన బిడ్డ. తల్లి చూపంతా ఆ బిడ్డ ముఖం మీదే. కాలుష్యానికి వ్యతిరేకంగా లోకాన్ని కదిలించిన చిత్రాల్లో దానికి తొలి వరసలో చోటు. ఆ అమ్మాయి 1977లో చనిపోయింది. ఇక ఆమెను విశ్రాంతి తీసుకోనివ్వాలని కన్నవారు కోరుకున్నారు. 1998లో ఐలీన్ ఆ ఫొటో మీద నిర్ణయాధికారాన్ని వాళ్లకే అప్పగించి, కొత్తగా అచ్చు వేయడం ఆపేశారు. ఎంత గొప్ప చిత్రమైనా అందులోని మనిషికి దాని మీద హక్కు ఉంటుందని ఆమె ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు ఆ ఫొటో ఎంత గొప్పదో అంత గొప్పది.

ఇంటింటి ఆల్బమ్

మహామహుల కెమెరాలు ఇలా నడుస్తుంటే, జపాన్ ఇళ్లలో మరో చరిత్ర పోగుపడింది. మూడు, ఐదు, ఏడు ఏళ్లు వచ్చిన పిల్లలకు నవంబరు 15 ప్రాంతంలో ‘షిచి-గో-సాన్’ వేడుక చేసి, కిమోనో కట్టి ఫొటో తీయిస్తారు. ఏప్రిల్‌లో బడిలో చేరిన రోజు గేటు దగ్గర అమ్మానాన్నలతో ఒకటి. ఇరవై ఏళ్ల వేడుకకు ఒకటి. పెద్దలు కుదిర్చే సంబంధమైతే పెళ్లిచూపులకు ముందు స్టూడియో ఫొటో చేతులు మారుతుంది. చనిపోతే అంత్యక్రియల్లో పెట్టిన ఫొటో తర్వాత ఇంట్లోనే ఉండిపోతుంది.

కాశ్యప కటకం

*ఈ అలవాటుకు ఊపిరి పోసింది దేశీయ కెమెరా పరిశ్రమే. 1934లో టోక్యోలో తయారైన కెమెరా నమూనాకు బోధిసత్వుడు అవలోకితేశ్వరుడి జపాన్ పేరు మీద ‘క్వానాన్’ అని, దాని కటకానికి బుద్ధుడి శిష్యుడు మహాకాశ్యపుడి పేరు మీద ‘కాశ్యప’ అని పెట్టారు. ఆ క్వానానే తర్వాత కానన్ అయింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చి పత్రికా ఫొటోగ్రాఫర్ల చేతి కెమెరా అయింది. మన ఊళ్ల స్టూడియోల్లోకి యాషికా వచ్చింది. 1986లో ఫ్యూజీ ఒకసారి వాడి ఇచ్చేసే కెమెరాను, 1995లో అట్లస్, సెగా సంస్థలు నేస్తాలతో దిగిన ఫొటోను స్టిక్కరుగా ఇచ్చే యంత్రాన్ని, 2000లో షార్ప్ కెమెరా ఉన్న మొబైల్ ఫోనును తెచ్చాయి.*

బురద కడిగిన చేతులు

2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి 9.0 తీవ్రతతో భూకంపం, వెనకే సునామీ. 18 వేల మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఇళ్లు పునాదులతో సహా కొట్టుకుపోయాయి. శిథిలాల్లో మనుషుల కోసం వెతుకుతున్న సైనికులు, అగ్నిమాపక సిబ్బంది దొరికిన ఆల్బములను పారేయకుండా పక్కన పెట్టారు. అవి బడుల వ్యాయామశాలల్లో గుట్టలుగా పేరుకున్నాయి.

ఫొటో మీద రంగు పొర జెలటిన్‌లో ఉంటుంది. తడిస్తే బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది. అంచుల నుంచి రంగులు కరిగి, చివరికి ముఖం కూడా చెరిగిపోతుంది. అందుకే ఆలస్యం చేయడానికి లేదు. ఆల్బమ్ నుంచి ఒక్కో ఫొటో విడదీయాలి. నీళ్లలో ముంచి, మెత్తని కుంచెతోనో వేలికొసతోనో మట్టి తీయాలి. రంగు కదులుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపాలి. మంచినీళ్లలో మరోసారి కడిగి, తాడు కట్టి బట్టల క్లిప్పులతో ఆరేయాలి. ఫ్యూజీఫిల్మ్ సంస్థ ఈ పద్ధతిని అందరికీ నేర్పింది. రికో సంస్థ దాదాపు 4 లక్షల ఫొటోలను బాగుచేసి, 90 వేల దాకా సొంతదారులకు చేర్చింది. మియాగీ రాష్ట్రంలోని చిన్న ఊరు యమమోటోలో స్వచ్ఛంద కార్యకర్తలు ఏడున్నర లక్షల ఫొటోలు కడిగి, ఒక్కోదాన్ని డిజిటల్ కెమెరాతో మళ్లీ తీసి, జనం వచ్చి వెతుక్కునేలా అమర్చారు.

ఇవి ఏ మ్యూజియంలోనూ చోటు దొరకని ఫొటోలు. పుట్టినరోజు కేకు, పొలం గట్టున తాతయ్య, క్రీడల రోజున పరుగు. తీసినవాళ్లు ఎవరో తెలియదు, కళ లేదు, చాలావాటిలో ఫోకస్ కూడా లేదు. ఆ ముఖాలెవరివో కడిగినవాళ్లకు అసలే తెలియదు. అయినా ఇల్లూవాకిలీ పోగొట్టుకున్నవాళ్లు ఆ గుట్టల ముందు గంటల తరబడి వెతికారు. చనిపోయిన మనిషి ముఖం మళ్లీ చూడటానికి చాలామందికి మిగిలిన దారి అదొక్కటే.

ప్రభువుకు ఒక్క ప్రతిగా మొదలై, యాత్రికుడికి సరుకై, సింహాసనానికి సాధనమై, సెన్సారుకు చిక్కిన ఫొటో డొమోన్ చేతుల్లో సామాన్యుడి దగ్గరికి చేరింది. యమమోటోలో దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లే కడిగి సొంతవాళ్లకు దొరికేలా చేశారు. 2018లో పశ్చిమ జపాన్‌ను వరదలు ముంచెత్తినప్పుడు అక్కడా స్వచ్ఛంద కార్యకర్తలు కుంచెలు, నీళ్ల తొట్లతో ఇదే పనికి కూర్చున్నారు. ఇప్పుడు ఆ దేశంలో వరద వచ్చిన ఊరికి చేసే సాయంలో ఫొటోలు కడగడం కూడా ఒకటి. ప్రపంచానికి కెమెరాలు ఇచ్చిన దేశం నుంచి నేర్చుకోవాల్సిన ఫొటో విద్య ఇదేనని నా నమ్మకం: ఫొటో ఎవరు తీసినా, అది అందులో ఉన్న మనుషులది.