కొయ్య విమానములు – జిగురు

కొయ్యకు కొయ్యను అతికించు విద్య మన ప్రాంతమునకు క్రొత్త కాదు. మాన్వికి పడమటనున్న కొప్పళ జిల్లా కిన్నాళలో బొమ్మలు చేయువారు చింతగింజల జిగురు వాడుదురు. విజయవాడ చెంత కొండపల్లిలో పొణికి కొయ్య తునకలను అతుకునది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దయే. ఇంట నీడపట్టున నుండు బొమ్మకు అది చాలును. ఆకసమున మనుష్యులను మోయు కొయ్యకు ఏ జిగురు చాలును? విమానమనగా లోహమనియే మన పిల్లలు తలంతురు గనుక ఈ సంగతి వ్రాయుచున్నాము.

బ్రిటిషువారి మస్కిటో విమానము 1940 నవంబరు 25న మొదట ఎగిరెను. పలుచని పొరచెక్కల నడుమ మిక్కిలి తేలికయగు బాల్సా కొయ్యనుంచి దాని ఒడలు కట్టిరి. బల్లలు, బీరువాలు చేయు వడ్రంగులే పెక్కుమంది అందు పనిచేసిరి. మొదట వాడినది కేసీను జిగురు. పాలు విరిగినప్పుడు గడ్డకట్టు పదార్థమే కేసీను. సున్నముతో కలిపిన గట్టి జిగురగును. పొడిగాలిలో చక్కగా నిలుచును. కాని పాల వస్తువే కదా! తేమయు వెచ్చదనమును కూడినచో బూజు దానిని ఆహారముగా గొనును.

1944లో ఈ విమానములు యలహంక, కోలారులకు వచ్చినవి. ఆ ఏటనే ఇండియాలో కొన్నింటి రెక్కలు విరిగి, అందలి యువకులు మరణించిరి. నవంబరులో ఇచ్చటి మస్కిటోలను ఎగురకుండ నిలిపివేసిరి. మొదట నిందయంతయు మన ఎండవానల మీదనే పడెను. పిదప రెక్కలు విప్పి చూడగా కొన్నింట చెక్కలు ఒకదానికొకటి ఆనక సందులు మిగిలియున్నట్లు తేలినది. వాతావరణముపై నెపము వేయుట సులభమని మాకు తోచును. రెక్కపై అతుకు వెంబడి నీరు దిగకుండ అదనపు చెక్కపట్టీ వేసిరి.

కేసీనుకు మారుగా వచ్చిన యూరియా ఫార్మాల్డిహైడు జిగురునకు బూజు పట్టదు. అయినను అదియు పెద్ద సందులను పూడ్చునది కాదు. మందముగా పూసిన సాధారణముగా బీటలు వారును. చెక్క నునుపుగా ఆనవలెను, బిగింపు సమముగా నుండవలెను.

పాత అతుకును పైకి చూచి నమ్మరాదు. కావుననే 2012లో న్యూజీలాండున తిరిగి ఎగిరిన మస్కిటోకు కొయ్య భాగములను క్రొత్తగా కట్టిరి. ఇట్టి పనివారు జిగురు కలిపినప్పుడు రెండు తునకలు అతికించి, ఆరిన పిదప విరుగగొట్టుదురు. అతుకు ఊడివచ్చినచో ఆ కలిపిన జిగురు పనికిరాదు. అతుకు నిలిచి కొయ్యయే చీలవలెను. వానకాలమున ఒకసారి, ఎండకాలమున ఒకసారి పిల్లలచే ఇంట ఈ పరీక్ష చేయింపవచ్చును.