లెఫ్టినెంట్: ఇంగ్లండ్‌లో అలంకారం, దిల్లీలో అధికారం

2018 జూన్ 11 సాయంత్రం దిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ ముగ్గురు మంత్రులను వెంటబెట్టుకుని సివిల్ లైన్స్‌లోని రాజ్ నివాస్‌కు వెళ్లారు. మంత్రుల సమావేశాలకు ఐఏఎస్ అధికారులు రావడం లేదని, వారిని దారికి తేవాలని, ఇంటింటికీ రేషన్ పథకానికి ఆమోదం తెలపాలని లెఫ్టినెంట్ గవర్నర్ అనిల్ బైజల్‌ను కోరారు. కోరిన హామీ రాలేదు. దాంతో నలుగురూ అక్కడి వెయిటింగ్ రూంలోనే బైఠాయించారు. అలా తొమ్మిది రోజులు గడిచాయి. నీతి ఆయోగ్ సమావేశానికి దిల్లీ వచ్చిన చంద్రబాబు నాయుడు, మమతా బెనర్జీ, కుమారస్వామి, పినరయి విజయన్ ఆయనను అక్కడే కలవాలనుకున్నా అనుమతి దొరకలేదు. చివరకు కేజ్రీవాల్ ఇంటికి వెళ్లి కుటుంబ సభ్యులను పలకరించి వచ్చారు.

70 సీట్ల అసెంబ్లీలో 67 గెలిచిన ముఖ్యమంత్రి, తన దగ్గర పనిచేయాల్సిన అధికారులను పనిలోకి పంపమని మరొకరి ఇంట్లో సోఫా మీద కూర్చుని అడగాల్సి వచ్చింది. ఆ మరొకరికి ఎవరూ ఓటు వేయలేదు. దీన్ని వ్యక్తుల మధ్య పంతంగా చూసినవారు చాలామంది. అసలు చిక్కు ఆ పదవిలోనే ఉంది. కొంతవరకు ఆ పదవి పేరులోనూ ఉంది.

‘లెఫ్టినెంట్’ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. ఒకరి స్థానంలో ఉండి, వారి తరఫున పనిచేసేవాడని దానికి అర్థం. ఇంగ్లండ్‌లో ఈ పేరుతో ఒక పాత పదవి ఉంది. కౌంటీల్లో రాజుకు ప్రతినిధిగా ఉండే లార్డ్ లెఫ్టినెంట్ అది. కౌంటీ అంటే సుమారుగా మన జిల్లా లాంటిది. 1540ల్లో ఎనిమిదో హెన్రీ కాలంలో మొదలైన ఈ పదవికి అప్పట్లో గట్టి అధికారమే ఉండేది. స్థానికంగా సైన్యాన్ని సమీకరించడం, తిరుగుబాట్లను అణచడం, తీరాన్ని కాపాడుకోవడం వారి బాధ్యత. 1871లో పార్లమెంటు చట్టం చేసి, స్థానిక సైనిక దళాల మీద వారికున్న అజమాయిషీని తీసేసింది.

ఇక మిగిలింది మర్యాదే. రాజు కౌంటీకి వస్తే ఎదురెళ్లి స్వాగతం చెప్పాలి. రాజు తరఫున పతకాలు, పురస్కారాలు అందజేయాలి. స్వచ్ఛంద సంస్థలను ప్రోత్సహించాలి. ప్రధాని సలహాతో రాజు నియమిస్తారు, జీతం ఉండదు, 75 ఏళ్లకు దిగిపోవాలి. ఉత్సవాల్లో పురుషులైతే సైనిక దుస్తుల్లాంటి యూనిఫాం వేసుకుని ఖడ్గం కూడా ధరిస్తారు. ఆ ఖడ్గంతో చేసేదేమీ లేదు. కౌంటీ కౌన్సిల్ బడ్జెట్‌ను ఆపలేరు, ఒక గుమస్తాను బదిలీ చేయలేరు. రాజకీయ పార్టీలకు దూరంగా ఉండాలన్నది నియమం. చేతిలో అధికారం లేదు కాబట్టి ఆ దూరం పాటించడం కష్టమూ కాదు.

అదే మాట భారతదేశానికి వేరే దారిలో వచ్చింది. ఇక్కడ లెఫ్టినెంట్ గవర్నర్ అంటే ఒక ప్రావిన్సును స్వయంగా ఏలే బ్రిటిష్ అధికారి. బెంగాల్‌కు 1854లో, పంజాబ్‌కు 1859లో లెఫ్టినెంట్ గవర్నర్లు వచ్చారు. జలియన్‌వాలాబాగ్ కాల్పుల సమయంలో పంజాబ్‌ను ఏలిన మైఖేల్ ఓడ్వయర్ హోదా అదే. ఇంగ్లండ్‌లోని లెఫ్టినెంట్ సైనికాధికారం కోల్పోయి అలంకారంగా మారుతున్న రోజుల్లో, ఇక్కడి లెఫ్టినెంట్ చేతిలో పోలీసు, భూమి, పన్ను అన్నీ ఉన్నాయి.

1857 తిరుగుబాటు తర్వాత దిల్లీని పంజాబ్‌లో కలిపారు. 1911 డిసెంబరు దర్బారులో ఐదో జార్జి రాజధానిని కలకత్తా నుంచి దిల్లీకి మారుస్తున్నట్లు ప్రకటించారు. మరుసటి ఏడాది దిల్లీ విడి ప్రావిన్సు అయింది. దాని పాలన చీఫ్ కమిషనర్ చేతిలో పెట్టారు. రాజధాని నగరం మీద కేంద్రం పట్టు సడలకూడదన్న ఆలోచన అప్పటిదే. స్వాతంత్ర్యం వచ్చాక పాలకులు మారారు గానీ ఈ ఆలోచన మారలేదు. 1952లో దిల్లీకి అసెంబ్లీ వచ్చింది. తొలి ముఖ్యమంత్రి చౌధరీ బ్రహ్మ ప్రకాశ్‌కూ చీఫ్ కమిషనర్‌కూ పొసగలేదు. 1955లో ఆయన తప్పుకున్నారు. 1956లో అసెంబ్లీయే రద్దయింది. అంటే ఈ గొడవ ఏ ఒక్క పార్టీతోనో మొదలైంది కాదు. దాని వయసు ఏడు దశాబ్దాలు. 1966లో లెఫ్టినెంట్ గవర్నర్ పదవి, దానికి తోడుగా సలహాలు మాత్రమే ఇవ్వగల మెట్రోపాలిటన్ కౌన్సిల్ వచ్చాయి.

ఇప్పుడున్న ఏర్పాటు 1991లో 69వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 239ఏఏ అధికరణది. దాని ప్రకారం అసెంబ్లీ ఉంటుంది, మంత్రిమండలి ఉంటుంది. శాంతిభద్రతలు, పోలీసు, భూమి మాత్రం వారి పరిధిలోకి రావు. మిగతా విషయాల్లో మంత్రుల సలహా మేరకు లెఫ్టినెంట్ గవర్నర్ నడుచుకోవాలి. అయితే దీనికి ఒక మెలిక పెట్టారు. ‘ఏదైనా విషయంపై’ మంత్రులతో విభేదిస్తే ఆయన దాన్ని రాష్ట్రపతికి, అంటే ఆచరణలో కేంద్ర ప్రభుత్వానికి, నివేదించవచ్చు. ముఖ్యమంత్రిని నియమించేది కూడా ఇక్కడ రాష్ట్రపతే. ఇవన్నీ చాలనట్లు దిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీకి ఛైర్మన్ లెఫ్టినెంట్ గవర్నరే. ఇల్లు కట్టుకోవడానికి స్థలం కావాలన్నా, వీధిలో దొంగతనం జరిగినా ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లి ప్రయోజనం లేదు.

యమున దాటి నోయిడాలో అడుగుపెడితే లెక్క మారుతుంది. అక్కడ ఉత్తర్‌ప్రదేశ్ గవర్నర్, ఇటు గురుగ్రామ్ వైపు హరియాణా గవర్నర్. ప్రభుత్వ ఉత్తర్వులు వారి పేరు మీదే వెలువడతాయి, నిర్ణయాలు మాత్రం లఖ్‌నవూ, చండీగఢ్‌లలోని మంత్రులవి. దేశ ప్రోటోకాల్ జాబితాలో తన రాష్ట్రంలో గవర్నర్‌ది 4వ స్థానం, తన ప్రాంతంలో లెఫ్టినెంట్ గవర్నర్‌ది 11వ స్థానం. మర్యాదలో కింద ఉన్న వ్యక్తికే అధికారం ఎక్కువ. హిందీలో ఈ పదవిని ఉపరాజ్యపాల్ అంటారు. ఆ ‘ఉప’ను నమ్ముకుంటే పొరబడతాం.

గవర్నర్లంతా ఇంగ్లండ్ కౌంటీ ప్రతినిధుల్లా ఉంటారని దీని అర్థం కాదు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయడం తెలుగువారు మరిచిపోయేది కాదు. కానీ అది హద్దు దాటిన చర్య అని అప్పుడే అందరికీ అర్థమైంది. నెల రోజుల్లో రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. దిల్లీలో ఆ హద్దు ఎక్కడుందన్నదే వివాదం.

ఆ హద్దు గీసే ప్రయత్నం సుప్రీంకోర్టు రెండుసార్లు చేసింది. రాజ్ నివాస్ బైఠాయింపు ముగిసిన రెండు వారాలకు, 2018 జూలై 4న, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. మినహాయించిన మూడు అంశాలు తప్ప మిగతా వాటిలో లెఫ్టినెంట్ గవర్నర్ మంత్రిమండలి సలహాకు కట్టుబడాలని, ‘ఏదైనా విషయం’ అంటే ‘ప్రతి విషయం’ అని కాదని చెప్పింది. దిల్లీ రాష్ట్రం కాదనీ స్పష్టం చేసింది. 2021లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అసెంబ్లీ చేసే చట్టాల్లో ‘ప్రభుత్వం’ అన్నచోట లెఫ్టినెంట్ గవర్నర్ అని అర్థం చేసుకోవాలన్నది ఆ సవరణ.

అప్పటికీ తేలని ప్రశ్న అధికారుల బదిలీలది. పైకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆస్పత్రిలో మందులు లేవంటే జనం మంత్రిని అడుగుతారు. మంత్రి ఆరోగ్య శాఖ కార్యదర్శిని అడగాలి. ఆ కార్యదర్శి పోస్టింగు మరొకరి చేతిలో ఉంటే మంత్రి మాటకు విలువేముంటుంది? 2023 మే 11న మరో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పట్టుకున్న తర్కం ఇదే. అధికారులు మంత్రులకు, మంత్రులు శాసనసభకు, సభ ఓటర్లకు జవాబుదారీ. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా ఓటుకు అర్థం ఉండదు. అందుకే పోలీసు, శాంతిభద్రతలు, భూమి మినహా మిగతా శాఖల అధికారులపై అజమాయిషీ ఎన్నికైన ప్రభుత్వానిదేనని కోర్టు తేల్చింది.

ఆ తీర్పు ప్రకారం నడిచింది ఎనిమిది రోజులే. మే 19న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, ఆగస్టులో అది చట్టమైంది. బదిలీలను సిఫార్సు చేయడానికి ముగ్గురితో ఒక అథారిటీ ఏర్పడింది. ముఖ్యమంత్రి దానికి అధ్యక్షులు, ప్రధాన కార్యదర్శి, హోంశాఖ ముఖ్య కార్యదర్శి సభ్యులు. నిర్ణయం మెజారిటీతో. అంటే ఇద్దరు అధికారులు కలిస్తే ముఖ్యమంత్రి మాట చెల్లదు. ముగ్గురూ ఏకాభిప్రాయానికి వచ్చినా తుది మాట లెఫ్టినెంట్ గవర్నర్‌దే.

కేంద్రం వాదన తీసిపారేయదగ్గది కాదు. పార్లమెంటు, సుప్రీంకోర్టు, విదేశీ రాయబార కార్యాలయాలు ఉన్న నగరాన్ని ఒక ప్రాంతీయ ప్రభుత్వానికి పూర్తిగా వదిలేయలేమన్నది దాని సారం. పోలీసు విషయంలో ఆ వాదనకు బలముంది. పాఠశాలలు, దవాఖానాలు చూసే అధికారి బదిలీకి దాన్ని వర్తింపజేయడమే అర్థం కాని సంగతి.

ఇదంతా ఎక్కడో దిల్లీ గొడవ అనుకోనక్కర్లేదు. కాకినాడ పక్కనున్న యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడి అసెంబ్లీకి దిల్లీ కంటే విశాలమైన పరిధి ఉంది. అయినా కిరణ్ బేడీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్నప్పుడు ముఖ్యమంత్రి నారాయణసామి 2019 ఫిబ్రవరిలో రాజ్ నివాస్ ముందు రోడ్డు మీద ధర్నాకు కూర్చున్నారు. యానాం ఎమ్మెల్యే, మంత్రి మల్లాడి కృష్ణారావు ఆమెతో బహిరంగంగా విభేదించారు. 2021 ఫిబ్రవరిలో బేడీని తప్పించి, అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసైకి అదనపు బాధ్యతలు ఇచ్చారు. కొద్ది రోజులకే నారాయణసామి ప్రభుత్వం పడిపోయింది.

2025 ఫిబ్రవరి ఎన్నికల్లో దిల్లీలో బీజేపీ 48 సీట్లు గెలిచి, రేఖా గుప్తా ముఖ్యమంత్రి అయ్యారు. కేంద్రంలోనూ నగరంలోనూ ఒకే పార్టీ ఉండటంతో రాజ్ నివాస్ పేరు మునుపటిలా రోజూ వార్తల్లోకి ఎక్కడం మానేసింది. ఆమె గెలిచిన ఎన్నిక 2023 చట్టంలో ఒక్క అక్షరాన్నీ మార్చలేదు. బదిలీల అథారిటీలో ఆమెకున్నది కేజ్రీవాల్‌కు ఉన్న ఒక్క ఓటే.