పులీ లేదు, గిలీ లేదు

సింగపూర్‌లో తెలుగింటి పిల్లలకు బడిలో తెలుగు దొరకదు. అక్కడ ఇంగ్లీషుతో పాటు ఒక మాతృభాష చదవాలి. తమిళం అధికార భాష కాబట్టి ఎప్పటి నుంచో ఉంది. 1990ల నుంచి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ వచ్చి చేరాయి. తెలుగు ఆ వరుసలో లేదు. కాబట్టి మన పిల్లలకు తెలుగంటే ఇంట్లో వినేది, వారాంతపు తరగతిలో అంతో ఇంతో నేర్చుకునేది. వాళ్ల కోసం ఊరి నుంచి సూట్‌కేసుల్లో వెళ్లే బొమ్మల పుస్తకాలు చాలావరకు నీతి చెప్పేవో అక్షరాలు దిద్దించేవో. ముందు కావలసింది మాటలతో ఆడుకుని నవ్వించేవి అని నా వాదన.

రష్యన్ రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ ‘రెండు నుంచి ఐదు’ పుస్తకంలో తన కూతురి ముచ్చట రాశాడు. రెండేళ్లయినా నిండని ఆ పిల్ల ఒకరోజు వచ్చి, కుక్క మ్యావ్ అంటుందని చెప్పి తనే నవ్వింది. కుక్క మొరుగుతుందని గట్టిగా తెలిసినప్పుడే ఆ తారుమారుకు నవ్వొస్తుంది. అంటే జోకు అర్థమైన పిల్లకు పాఠం వచ్చేసినట్టే. శబ్దం సంగతీ ఇంచుమించు ఇదే. 1983లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. నాలుగైదేళ్ల పిల్లలు సుమారు 400 మందిని కొన్నేళ్లపాటు గమనిస్తే, ప్రాసను చెవితో పట్టగలిగినవాళ్లు తర్వాత చదవడంలో ముందున్నారు. అది ఇంగ్లీషు పిల్లల లెక్క. తెలుగు లిపి పలికేదాన్ని అంతగా దాచదు గనుక మన దగ్గర అచ్చం అలాగే ఉండకపోవచ్చు. చెవి ముందు, కన్ను తర్వాత అన్న వరుస మాత్రం మారదు.

మన చెవికి అందే ఆట ఒకటి చూడండి. పులీ గిలీ, పాలూ గీలూ, పుస్తకం గిస్తకం. మొదటి అక్షరం హ్రస్వమైతే ‘గి’, దీర్ఘమైతే ‘గీ’. ఈ సూత్రం ఎవరూ నేర్పరు, ఎవరూ తప్పరు. సింగపూర్ మెట్రో, అంటే ఎమ్మార్టీ, ఎక్కే పిల్లాడు ‘ఎమ్మార్టీ గిమ్మార్టీ’ అన్నాడంటే తెలుగు వ్యాకరణం వాడి నోట్లో ఉన్నట్టే. ఇక ఒక పేజీలో పులి బొమ్మ వేసి, పక్క పేజీలో ‘గిలి’ అని రాసి ఖాళీగా వదిలితే? ఆ జంతువు ఎలా ఉంటుందో పిల్లే గీయాలి. గిలి అంటే భయం కూడా. పైగా గిలిగింతలు దాని పక్కింటివే. ఒక్క మాటలో ఇంత సరుకుంది. బడిలో తమిళం చదివే పిల్లకు అక్కడా ఇదే ఆట ఎదురవుతుంది.

అసలే రెండు మూడు భాషల మధ్య నలిగే పిల్లలకు మాటలు మెలితిప్పి చూపిస్తే గందరగోళపడరా అంటారు. 1972లో ఇయాంకో వొరాల్ అనే పరిశోధకురాలు దక్షిణాఫ్రికాలో ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లల్ని, ఒకే భాష పిల్లల్ని పోల్చి చూసింది. ఆవును కుక్క అని పిలవచ్చా అని అడిగితే, పేర్లు మార్చుకోవచ్చని ఒప్పుకున్నవాళ్లు రెండు భాషల పిల్లల్లోనే ఎక్కువ. పేరు వేరు, వస్తువు వేరు అని వాళ్లకు ముందే తెలుసు. మాటలాటకు అంతకంటే తయారైన పాఠకులు ఎక్కడ దొరుకుతారు?

గట్టి అభ్యంతరం డబ్బుది. బొమ్మల పుస్తకం ఖర్చంతా రంగుల్లోనే. అందుకే బొమ్మలు అన్ని భాషలకూ ఒకటే ఉంచి, అక్షరాలుండే నల్ల సిరా ప్లేటు ఒక్కటి మారుస్తారు. పది భాషల్లోకి వెళ్లాల్సిన కథలో తెలుగుకే పలికే జోకు నిలవదు. ఈ పద్ధతి లేకపోతే ఆ ధరకు తెలుగు పుస్తకమే రాదు, అదీ నిజమే. అందుకే ఆటల పుస్తకాన్ని చిన్నగా, ఒకటి రెండు రంగుల్లో తెలుగులోనే పుట్టించాలి. హాస్యంలో మనకు పేదరికం లేదు. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ ఉంది, కాకపోతే దాన్ని చదివి నవ్వేది ఎక్కువగా పెద్దవాళ్లే.

అలాంటి పుస్తకం సింగపూర్‌లోనే పుట్టినా వింత లేదు. అక్కడి తెలుగు సమాజం 1975 నాటిది. అక్కడ వినిపించే మలయ్‌లో సీతాకోకచిలుకను ‘రామరామ’ అంటారు. తాతయ్య చెత్తబుట్ట చూసి ముక్కు మూసుకుని ‘రామరామ’ అంటాడు, మనవరాలు ‘ఎక్కడ, ఎక్కడ?’ అంటూ వల పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. ఈ పేజీ హైదరాబాద్‌లో కూర్చున్న రచయితకు తట్టేది కాదు.