తొమ్మిదో గుర్తు కనిపెట్టేది, కనిపెట్టలేనిది

డాలస్‌లో ఉంటున్న ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. పాత కారు ఇచ్చేసి కొత్తది తీసుకుందామని షోరూముకు వెళ్లారట. అక్కడివాళ్లు కంప్యూటర్లో బండి చరిత్ర తీసి చూసి, ఫ్లోరిడాలో దీనికి యాక్సిడెంట్ అయినట్టుంది అని ధర బాగా తగ్గించేశారు. కారు కొత్తగా కొన్నదీ ఆయనే, ఇన్నేళ్లూ నడిపిందీ ఆయనే. అది టెక్సాస్ పొలిమేర దాటిందే లేదు. "బండి నంబరులోనే తప్పులు పట్టే లెక్క ఒకటి ఉంటుందని విన్నాను. మరి ఈ తప్పు ఎలా దూరింది?" అని ఆయన సందేహం. ధర గురించి అడిగివుంటే రెండు ముక్కల్లో జవాబు రాసి పంపేవాణ్ణి. ఆయన అడిగింది ఆ లెక్క గురించి. దాని గురించి రాయమంటే పత్రిక మొత్తం ఇచ్చినా చాలదు.

ముందుగా కావలసినంత వరకు చెబుతాను. ఆయన అన్న బండి నంబరును అమెరికాలో విన్ అంటారు, దాన్నే మనం ఛాసిస్ నంబరు అంటాం. 1981 మోడళ్ల నుంచి అక్కడ దానికి కచ్చితంగా 17 గుర్తులు. మొదటి మూడూ తయారీదారువి. మారుతి సుజుకికి ఎం ఏ 3, టాటా మోటార్స్‌కు ఎం ఏ టీ, అలా. అమెరికా పద్ధతిలో పదోది మోడల్ సంవత్సరం, పదకొండోది ఫ్యాక్టరీ, చివర వరుస సంఖ్య. ఇంగ్లీషు అక్షరాల్లో ఐ, ఓ, క్యూ వాడరు. ఒకటితోనూ సున్నాతోనూ పొరబడతారని వాటిని తీసేశారు. ఇక తొమ్మిదోది. అది బండి గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. మిగతా పదహారు గుర్తులనూ కనిపెట్టి ఉండటమే దాని పని. దాన్ని తనిఖీ అంకె అందాం.

లెక్క ఇలా సాగుతుంది. ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఇస్తారు. ప్రతి స్థానానికీ ఒక తూకం ఉంటుంది: ఎడమ నుంచి 8, 7, 6, 5, 4, 3, 2, 10, తొమ్మిదో చోట 0, ఆ తర్వాత 9, 8, 7, 6, 5, 4, 3, 2. విలువను తూకంతో గుణించి, అన్నీ కూడి, 11తో భాగిస్తే మిగిలే శేషమే తొమ్మిదో గుర్తు. శేషం పది వస్తే ఎక్స్ అని రాస్తారు. పదిహేడు చోట్లా ఒకటే వేసి చూడండి. తూకాల మొత్తం 89, పదకొండెనిమిదులు ఎనభై ఎనిమిది, శేషం 1. తొమ్మిదో చోట ఉన్నదీ 1 కనుక ఆ నంబరు ఈ పరీక్షలో నెగ్గుతుంది.

పదితో భాగిస్తే సులువు కదా, పదకొండెందుకు? అందమంతా ఇక్కడే ఉంది. ఎవరైనా ఒక అంకె తప్పు రాశారనుకోండి. అసలుకూ తప్పుకూ తేడా తొమ్మిదికి మించదు. మొత్తంలో వచ్చే మార్పు ఆ తేడాను ఆ స్థానం తూకంతో గుణిస్తే వచ్చేంత. తూకం పదికి మించదు. పదకొండేమో ప్రధాన సంఖ్య. తనకన్నా చిన్నవైన రెండు సంఖ్యల లబ్ధాన్ని అది ఎన్నడూ నిశ్శేషంగా భాగించలేదు. కాబట్టి శేషం మారి తీరుతుంది, తప్పు బయటపడుతుంది. అదే పదితో భాగిస్తే, తూకం 5 ఉన్నచోట రెండు తేడా రాగానే మార్పు సరిగ్గా 10 అవుతుంది, తప్పు చల్లగా జారిపోతుంది. తొమ్మిదో గుర్తును మినహాయిస్తే, పక్కపక్క అంకెలు తారుమారైనా ఇదే తర్కం పనిచేస్తుంది, ఎందుకంటే పక్కపక్క తూకాలు ఎక్కడా సమానం కావు. ఇంత చిన్న రుజువుతో ఇంత పెద్ద హామీ దొరికే సందర్భాలు గణితంలోనూ అరుదు.

ఈ విషయంలో పెద్దవాళ్లూ బోల్తాపడ్డారు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటు కోసం దరఖాస్తు చేసిన పద్ధతి ఈనాటికీ మన బ్యాంకు కార్డుల్లో ఉంది. అది పదితోనే నడుస్తుంది, అందుకే 09 కాస్తా 90 అయితే దానికి తెలియదు. పది అంకెలతోనే, అదనపు గుర్తేమీ లేకుండా, అన్ని ఒంటి తప్పులనూ అన్ని పక్క తారుమారులనూ పట్టడం అసాధ్యమని అప్పట్లో రుజువులు కూడా చూపించారు. అందుకే పుస్తకాల ఐఎస్‌బీఎన్ కూడా పదకొండునూ ఎక్స్‌నూ ఆశ్రయించింది. 1969లో జాకోబస్ వెర్‌హూఫ్ అనే డచ్ గణితజ్ఞుడు ఆ రుజువులను తోసిరాజన్నాడు. మామూలు కూడికను పక్కన పెట్టి, సమపంచభుజిని తిప్పడం, బోర్లించడంలోని లెక్కను తెచ్చాడు. అందులో ముందు తిప్పి తర్వాత బోర్లిస్తే ఒక ఫలితం, ముందు బోర్లించి తర్వాత తిప్పితే మరొకటి. క్రమం మారితే ఫలితం మారుతుంది గనుక తారుమారు దాక్కోలేదు. మీ ఆధార్ కార్డులో పన్నెండో అంకె వెర్‌హూఫ్ లెక్కతో పుట్టిందే.

బండి నంబరు దగ్గరికి వస్తే, నాకు మింగుడుపడనిది అక్షరాలకిచ్చిన విలువలు. ఏ కు 1, బీ కి 2, అలా వెళ్లి జే దగ్గర మళ్లీ 1 మొదలవుతుంది. మూడో వరుస ఎస్‌తో మొదలవుతుంది, కానీ దానికి ఒకటి కాదు, 2. ఎందుకీ వంకర? పాత పంచ్ కార్డుల కోడు చూస్తే తెలిసిపోతుంది. అందులో ఏ, జే అక్షరాలకు ఒకటో వరుసలో కన్నం, ఎస్‌కు రెండో వరుసలో కన్నం. మూడో వరుస అక్షరాల్లో ఒకటి వంతును ఏటవాలు గీతకు ఇచ్చేశారు. ఆ కార్డుల నుంచి ఐబీఎం కంప్యూటర్ల ఎబ్సిడిక్ కోడులోకి వచ్చిన అంకెలే, పొల్లు పోకుండా, బండి నంబరు పట్టికలోనూ కనిపిస్తాయి. రోడ్డు మీద పోయే ప్రతి అమెరికన్ కారు అద్దం కిందా కన్నాల అట్టముక్కల ఆనవాలు ఒకటి ఉన్నట్టే.

ఆ వారసత్వంతో పాటు ఒక కంత కూడా వచ్చింది. 33 గుర్తులను పది విలువల్లో కుక్కితే కొన్ని ఒకే గూట్లో పడతాయి. బీ, కే, ఎస్, 2 అన్నింటి విలువా రెండే. సీ, ఎల్, టీ, 3 అన్నీ మూడే. ఎస్‌ను 2 అని చదివినా, ఫోనులో సీ అంటే టీ అని రాసుకున్నా మొత్తం మారదు, తనిఖీ అంకెకు చీమ కుట్టినట్టయినా ఉండదు. గుర్తుకో విలువ ఇచ్చి, 37 లాంటి ప్రధాన సంఖ్యతో భాగించి, శేషానికి రెండు స్థానాలు వదిలివుంటే ఈ బెడద ఉండేది కాదు. ఒక్క స్థానం పొదుపు చేయబోయి అంత చక్కని రుజువుకు తూట్లు పొడిచారు.

అయితే మన పాఠకుడి కారుకు జరిగింది ఇది కాకపోవచ్చు. అంతకన్నా విశాలమైన దొడ్డిదారి ఒకటుంది. గ్యారేజీలోనో పోలీసు రిపోర్టులోనో చాలాసార్లు 17 గుర్తులూ ఎవరూ కొట్టరు. నంబరు ప్లేటు, రాష్ట్రం పేరు కొడతారు, కంప్యూటరే విన్ తెచ్చిపెడుతుంది. అమెరికా ప్లేట్లలో తనిఖీ అంకె లేదు. ప్లేటులో ఒక్క అక్షరం తప్పితే వచ్చేది మరొకరి కారు విన్. అది నిజమైనదే, లెక్కంతా సరిపోతుంది, తొమ్మిదో గుర్తు నిశ్చింతగా ఉంటుంది. నంబరు సరిగ్గా రాశారా అన్నదే దానికి తెలుసు. అది ఈ బండిదేనా అన్నది దాని ఎరుకలో లేదు. సింగపూర్‌వాళ్లు నంబరు ప్లేటులోనే చివరి అక్షరాన్ని తనిఖీకి కేటాయించారు, 19తో భాగించి తీస్తారు. అదీ ప్రధాన సంఖ్యే. ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు తమ ప్లేటు మీదే ఈ లెక్క వేసి చూసుకోవచ్చు.

అమెరికా రిపోర్టుల్లోని ఓడోమీటరు అంకెలకైతే ఏ కాపలా లేదు. 58,300 మైళ్ల దగ్గర ఆయిల్ మార్పించినప్పుడు మెకానిక్ 85,300 అని కొట్టాడనుకోండి. ఆ రోజు ఎవరికీ అనుమానం రాదు. మరుసటి ఏడాది 63,100 అని సరైన సంఖ్య నమోదు కాగానే, మీటరు వెనక్కి తిప్పారని రిపోర్టు కేకపెడుతుంది. తప్పు చేసింది ముందటి అంకె, దోషి అయింది తర్వాతి అంకె. ఆ తర్వాత మరో సంఖ్య కూడా చేరాక వరుసంతా చూసి, ఏ ఒక్కదాన్ని తీసేస్తే మిగతావన్నీ పెరుగుతూ పోతాయో అదే తప్పు కావచ్చని కంప్యూటరు చిటికెలో గుర్తించగలదు. ఆ మాత్రం లెక్క వేయకుండా యజమాని మీద నింద వేయడం నాకు మహా అన్యాయంగా తోస్తుంది. మీటరు వెనక్కి తిప్పి అమ్మే కార్లు ఏటా నాలుగున్నర లక్షలకు పైనే అని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా. కాబట్టి కొనేవాళ్ల అనుమానం సహజమే. నిజాయితీపరులు ఆ గుంపులో కలిసిపోతున్నారు.

ఇక చేయవలసిన పని. చరిత్ర అమ్మే ప్రైవేటు సంస్థలు తమకు అందినదే చూపిస్తాయి, కనుక షోరూములో వాదించి లాభం లేదు. రిపోర్టులో ఆ యాక్సిడెంట్ తేదీ, ఊరు చూసి, అది ఏ పోలీసు శాఖ నుంచి వచ్చిందో కనుక్కుని, అక్కడ దిద్దించాలి. దిద్దిన కాగితాన్ని, ఆ రోజుల్లో బండి టెక్సాస్‌లోనే ఉన్నట్టు చూపే సర్వీసు బిల్లులనూ రిపోర్టు సంస్థకు పంపాలి. డ్రైవరు వైపు అద్దం కింద, తలుపు చట్రం మీద ఉన్న విన్‌ను ఫొటో తీసి టైటిల్ కాగితంతో గుర్తు గుర్తూ పోల్చుకోవాలి. ఇదంతా మార్పిడికి వెళ్లకముందే చేసుకోవాలి, బేరం మొదలయ్యాక ఎవరూ ఆగరు.

మన దగ్గర ఛాసిస్ నంబరుకూ 17 గుర్తులే, కానీ తొమ్మిదో చోట తనిఖీ అంకె తప్పనిసరి కాదు. ఆర్సీలో ఒక అక్షరం తప్పు పడితే రవాణా శాఖ వాహన్ డేటాబేసుకు లెక్క ప్రకారం పట్టుకునే దారి లేదు. బీమా క్లెయిము నాడో, బండి అమ్మే నాడో బయటపడుతుంది. అందుకే ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసే అలవాటు ఇంకా నిలిచివుంది. మనిషి చదివి రాయడం అన్న మెట్టునే దాటేసే ఆ పాత ఉపాయం అంటే నాకు గొప్ప గౌరవం. కానీ దేశమంతటికీ ఆధార్‌లో వెర్‌హూఫ్ లెక్కను అమర్చగలిగినవాళ్లం, ఫ్యాక్టరీ నుంచి వచ్చే బండికి ఒక్క అంకెను తప్పనిసరి చేయలేమా?